బడి కరెంటు వాడకం నిజంగా తగ్గాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణుపురం_కమిటీ
ఒడిశాలోని మా ఊరి ఉన్నత పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రుల తరఫున సభ్యుడిగా ఉన్నాను. స్మార్ట్ తరగతి గదులు, కంప్యూటర్ ల్యాబు, నీళ్ల కూలరు వచ్చిన తరువాత బడి కరెంటు బిల్లు బాగా పెరిగింది. నిర్వహణకు వచ్చే గ్రాంటులో పెద్ద భాగం బిల్లుకే పోతోంది. తలుపు గడియ ఊడిపోతే బాగు చేయించడానికి కూడా వెతుక్కోవలసి వస్తోంది. మొన్నటి సమావేశంలో ఒకరు మిద్దె మీద సౌర ఫలకాలు పెట్టిద్దామన్నారు, మరొకరు మధ్యాహ్నం నుంచి ఫ్యాన్లు ఆపేయిద్దామన్నారు. రెండో మాట నాకు ఏమాత్రం నచ్చలేదు. ఒక్కో గదిలో యాభై మంది పిల్లలు కూర్చునే చోట, ఉక్కపోతలో ఫ్యాను ఆపి మిగిల్చిన డబ్బును పొదుపు అనడానికి నాకు మనసొప్పదు. పిల్లలకు కష్టం కలగకుండా వాడకం తగ్గించిన బడులు మీకు తెలిసి ఉంటే, వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో చెప్పగలరు.

బరంపురం_వైరింగ్
సౌర ఫలకాల మాట ప్రస్తుతానికి పక్కన పెట్టి, ముందు మీటరు దగ్గరికి వెళ్లండి. బడి వదిలి అందరూ వెళ్లిపోయి, గదులకు తాళాలు వేసిన తరువాత వెళ్లాలి. మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేలోపు అది ఎన్నిసార్లు వెలుగుతుందో పక్కనే అచ్చు వేసి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 అని కనిపిస్తుంది, మీ దాని మీద ఎంత ఉందో చూసి ఆ అంకెనే తీసుకోండి. నిమిషానికి 16 సార్లు వెలిగిందనుకుంటే గంటకు 960 సార్లు, అంటే గంటకు 0.3 యూనిట్. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ కనుక, ఒక్క పిల్లవాడు కూడా లేని బడిలో 300 వాట్లు ఎక్కడో తిరుగుతున్నాయన్న మాట. ఆ తరువాత ఒక్కొక్క ఫ్యూజు తీసి, దీపం ఎప్పుడు నెమ్మదిస్తుందో చూస్తే దొంగ ఏ గదిలో ఉన్నాడో తెలిసిపోతుంది. ఫ్యూజు తీసే పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి, పిల్లలను ఆ బోర్డు దగ్గరికి రానివ్వకండి.

జయపురం_లెక్కలు
వైరింగ్ గారు చెప్పిన 300 వాట్లను తేలికగా తీసుకోవద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలి. రోజుకు ఆరు గంటలు వేసుకున్నా 1320 గంటలు. ఏడాదికి 8760 గంటలు కనుక, మిగిలిన 7440 గంటలు బడికి తాళమే ఉంటుంది. 300 వాట్లను 7440 గంటలతో హెచ్చవేస్తే 2232 యూనిట్లు వస్తాయి.

ఇప్పుడు దీన్ని ఫ్యాన్లతో పోల్చి చూడండి. బడిలో 40 మామూలు ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లవి, పనిదినాలన్నిటా ఆరు గంటల చొప్పున తిరిగితే 3960 యూనిట్లు ఖర్చవుతాయి. వాటన్నిటినీ తీసేసి, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బి.ఎల్.డి.సి. రకం ఫ్యాన్లు పెట్టిస్తే ఖర్చు 1584కు దిగుతుంది, మిగిలేది 2376. నలభై కొత్త ఫ్యాన్లు కొంటే మిగిలేదీ, తాళం వేసిన బడిలో వృథాగా పోయేదీ దాదాపు సమానం. రెండోదాన్ని ఆపడానికి రూపాయి పెట్టుబడి అక్కరలేదు. ఈ లెక్క మా ఏడో తరగతి పిల్లల చేత నల్లబల్ల మీద చేయిస్తే, మేము చెప్పకుండానే వాళ్లు ల్యాబు స్విచ్చుల వైపు చూశారు.

పర్లాకిమిడి_వేప
రాత్రిళ్లు తిరిగేవి ఏమిటో నేను చెప్పగలను. నీళ్ల కూలరు, ఇన్వర్టరు, ల్యాబులోని యు.పి.ఎస్.లు, గోడకున్న పెద్ద తెర, వరండా దీపం. కెమెరాలు ఉండవలసిందే, వాటి జోలికి వెళ్లనక్కరలేదు. కూలరుకు మాత్రం టైమరు పెట్టించండి. శనివారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా ఖాళీ బడిలో నీళ్లను చల్లబరుస్తూ కూర్చోవడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

ఛత్రపురం_అమ్మ
దసరా సెలవుల్లో మా పిల్లల బడి ముందు నుంచి వెళ్తూ ఆ కూలరు మోత నేను కూడా విన్నాను. అప్పుడు పట్టించుకోవాలని తోచలేదు.

వంశధార_ఒడ్డు
ఒక మాట అడగాలి. ఒడిశాలో విద్యాసంస్థలకు కరెంటు చార్జీల్లో ‘స్పెసిఫైడ్ పబ్లిక్ పర్పస్’ అనే ప్రత్యేక వర్గం ఉంది. మీ బిల్లు మీద ఆ వర్గమే ఉందో, దుకాణాల వర్గంలో పడి ఉందో చూసుకున్నారా? మంజూరైన లోడు అవసరానికి మించి ఉన్నా నెలనెలా స్థిర చార్జీ పడుతూనే ఉంటుంది. ఒక అర్జీతో తీరిపోయే విషయానికి ఇంత చర్చ ఎందుకు?

జయపురం_లెక్కలు
అర్జీ తప్పకుండా పెట్టాలి, అయితే బిల్లు తగ్గడం వేరు, వాడకం తగ్గడం వేరు. వర్గం మారితే బడికి డబ్బు మిగులుతుంది, కానీ బొగ్గు మాత్రం మునుపటిలాగే మండుతుంది. మన దేశపు గ్రిడ్ నుంచి ఒక యూనిట్ వాడితే సుమారు ముప్పాతిక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. గుణుపురం గారు అడిగినది వాడకం గురించే కనుక రెండింటినీ ఒకే ఖాతాలో రాయకూడదని నా అభిప్రాయం.

కొరాపుట్_హాస్టల్
లెక్కల మాస్టారి మాటతో నేను ఏకీభవిస్తాను. మా జిల్లాలో కరెంటును దూరపు వస్తువుగా చూడలేము. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న 120 మెగావాట్ల కేంద్రం అది. దాని కోసం, ఆ తరువాత కోలాబ్ ఆనకట్ట కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాల పిల్లలు ఇప్పటికీ మా వసతి గృహాల్లో చదువుకుంటున్నారు. స్విచ్చు వేసే ప్రతి చేతికీ ఆ సంగతి తెలిసి ఉండాలని నేను కోరుకుంటాను.

ఇక మా సమస్య ఫ్యాన్లు కాదు, వేడినీళ్లు. కొరాపుట్ ఎత్తైన చోటు కావడం వల్ల డిసెంబరు, జనవరి నెలల్లో చలి గట్టిగా ఉంటుంది. ఆడపిల్లలు బకెట్లలో హీటరు కడ్డీలు పెట్టుకుంటారు. అది ప్రమాదం కూడాను. వంద లీటర్ల నీటిని 20 డిగ్రీలు పెంచడానికి 2.3 యూనిట్లు కావాలి, ఎంత మంచి కడ్డీ తెచ్చినా అంతకంటే తగ్గదు. అందువల్ల వసతి ఉన్న బడులకు నా సలహా వేరు: కరెంటు పుట్టించే ఫలకాల కంటే ముందు, నేరుగా నీళ్లు కాచే సోలార్ హీటరు పెట్టించండి. మా దగ్గర చలికాలంలో ఆకాశం నిర్మలంగానే ఉంటుంది కనుక అది చక్కగా పనిచేస్తోంది.

సిరొంచ_ప్రాణహిత
మీ మాటలన్నీ చదివాను. మహారాష్ట్ర వైపు నుంచి ఒక భిన్నమైన విషయం చెప్పాలి. ‘ముందు తగ్గించండి, ఆ తరువాతే సోలారు’ అంటున్నారు కదా, తగ్గించడానికి ముందంటూ కరెంటు ఉండాలి. మా తాలూకాలో నాకు తెలిసిన ఒక చిన్న బడికి బిల్లు బకాయి పడి లైను తీసేశారు. గోడ మీద డిజిటల్ తరగతి అని రంగులతో రాసి ఉంటుంది, లోపల తెర మీద దుప్పటి కప్పి ఉంటుంది. ఎండాకాలంలో మా ప్రాంతంలో 45 డిగ్రీలు కొత్త కాదు. అలాంటి బడికి రెండు ఫలకాలు, ఒక బ్యాటరీ, నాలుగు తక్కువ వాట్ల ఫ్యాన్లు మొదటి అవసరం. అన్ని బడులకూ ఒకే వరుస చెప్పకండి.

బరంపురం_వైరింగ్
ప్రాణహిత గారి మాట న్యాయమైనదే, అటువంటి బడికి సోలారే మొదటి మెట్టు. అయితే ఆ బ్యాటరీని చూసుకునేది ఎవరో పెట్టించిన రోజే రాసుకోండి. నీళ్లు పోసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషి లేక, ఫలకాలు మెరుస్తూ ఉండగానే మూలపడిన సోలారు బడులను కొండ మీది ఊళ్లలో చాలా చూశాను.

గుణుపురం గారి బడికి గ్రిడ్ లైను ఉంది కాబట్టి వారి విషయం వేరు. ఒక కిలోవాట్ ఫలకాలకు సుమారు వంద చదరపు అడుగుల మిద్దె కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల వరకు వస్తాయి. వాడకం తగ్గించకుండా పెట్టిస్తే అవసరానికి మించి ఫలకాలు కొంటారు, చిల్లికుండను నింపడానికి పెద్ద బావి తవ్వినట్టు. ఇంకో రెండు సంగతులు కమిటీకి ముందే చెప్పండి. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలారు, లైను పోయినప్పుడు తనంతట తానే ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం అలా అమర్చుతారు. ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగడం లేదేమని ఆ రోజు మిమ్మల్ని నిలదీస్తారు. 2024లో వచ్చిన పి.ఎం. సూర్యఘర్ రాయితీ ఇళ్లకే తప్ప బడులకు వర్తించదు, దాన్ని నమ్ముకుని తీర్మానం చేయకండి.

పర్లాకిమిడి_వేప
తుపాను సంగతి కూడా కలపండి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో రేకుల కప్పులు ఎలా లేచిపోయాయో చూసినవాళ్లం. ఫలకాల చట్రాన్ని శ్లాబులోకి దించి బిగించకపోతే, ఆ గాలికి అవి పక్క గదుల మీద పడతాయి.

వంశధార_ఒడ్డు
అందరూ బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు అంటున్నారు. వాటి రిమోట్లు బడిలో ఎన్నాళ్లు ఉంటాయి? హెడ్‌మాస్టారు వాటిని బీరువాలో భద్రపరిస్తే, ఆయన సెలవు పెట్టిన రోజు బడి మొత్తానికి చెమటలే. పైగా బోర్డు పోతే బాగుచేసే మనిషి మా ఊళ్లో లేడు.

బరంపురం_వైరింగ్
రిమోట్ లేకుండా స్విచ్చుతోనే వేగం మారే రకాలు దొరుకుతున్నాయి, బడులకు అవే తీసుకోవాలి. ఓల్టేజి పడిపోయినా వాటి వేగం తగ్గదు. మన పల్లెలకు అది పెద్ద మేలు. పిడుగులు పడే కాలంలో బోర్డులు పోయే మాట నిజమే, అందుకని ఓల్టేజి ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడే సర్జ్ రక్షణ పెట్టించి, గ్యారంటీ కాగితం కమిటీ దస్త్రంలో ఉంచండి. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టారు గుర్తు తప్పనిసరి అయింది, కొనేటప్పుడు ఆ గుర్తు చూడండి.

ఒకేసారి నలభై మార్చవలసిన పని లేదు. పాడైనదాన్ని మార్చే ప్రతిసారీ ఇది పెట్టండి. అసలు ఫ్యాను నెమ్మదించిందని మా చేత మార్పించే సందర్భాల్లో చాలాసార్లు ఫ్యాను బాగానే ఉంటుంది, లోపల చిన్న కెపాసిటరు బలహీనపడి ఉంటుంది. అది మార్చి, రెక్కల మీది మట్టి తుడిస్తే మళ్లీ గాలి వస్తుంది. గోడకు పెద్ద డబ్బా లాంటి పాత రెగ్యులేటర్లు ఉంటే వాటిని మాత్రం వెంటనే తీసేయండి. ఫ్యాను వేగం తగ్గించినప్పుడు మిగలవలసిన కరెంటును అవి వేడిగా మార్చి గదిలోకే వదులుతాయి.

ఛత్రపురం_అమ్మ
దీపాల సంగతి ఎవరూ అనలేదు. మా పిల్లల గదిలో ఒక్క స్విచ్చు వేస్తే నాలుగు ట్యూబులూ వెలుగుతాయి. కిటికీ పక్కన ఎండ పడుతున్నా, గోడ వైపు చీకటిగా ఉందని అన్నీ వేస్తారు.

బరంపురం_వైరింగ్
వైరింగు అలా చేయడమే తప్పు. కిటికీ వైపు వరుసకు ఒక స్విచ్చు, గోడ వైపు వరుసకు ఒక స్విచ్చు ఉండాలి. తిరిగి వైరింగు చేయించే ఏడాది ఈ ఒక్కటి అడిగి రాయించుకోండి. పాత 40 వాట్ల ట్యూబు చోక్‌తో కలిపి 50 వాట్లకు పైగా తీసుకుంటుంది, 20 వాట్ల ఎల్.ఇ.డి. చాలు.

రాయగడ_వంటిల్లు
మీరంతా స్విచ్చుల చుట్టూనే తిరుగుతున్నారు. మా అమ్మ ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. బడిలో అన్నిటికంటే ఎక్కువ మండేది ఆమె పొయ్యిలోనే. రెండు వందల మంది పెద్ద తరగతుల పిల్లలుంటే, తలకు 150 గ్రాముల చొప్పున 30 కిలోల బియ్యం, 30 గ్రాముల చొప్పున 6 కిలోల పప్పు ఉడకాలి. గ్యాసు బండ వచ్చినా, అది అయిపోయి రెండోది వచ్చేలోపు మళ్లీ కట్టెలే. ఆ పొగ మీ బిల్లులో కనిపించదు, మా అమ్మ కళ్లలో కనిపిస్తుంది.

వంశధార_ఒడ్డు
వంటిల్లు గారి బాధ అర్థమవుతోంది, కానీ గుణుపురం గారు అడిగినది కరెంటు బిల్లు గురించి. వంట కట్టెలను ఇందులోకి తెస్తే చర్చ దారి తప్పుతుంది.

జయపురం_లెక్కలు
దారి తప్పదు, అసలు దారి అదే. ఒక కిలో ఎండు కట్టెలో సుమారు నాలుగు యూనిట్లకు సమానమైన వేడి ఉంటుంది. రోజుకు 20 కిలోల కట్టె కాల్చే వంటశాల 80 యూనిట్ల శక్తిని వాడుతున్నట్టు. నేను మొదట లెక్కగట్టిన నలభై ఫ్యాన్లు రోజుకు వాడేది 18 యూనిట్లే. అందులోనూ మూడు రాళ్ల పొయ్యి మీద గిన్నెకు చేరేది పదో వంతు నుంచి ఏడో వంతు దాకానే, మిగిలినదంతా గోడలకూ గాలికీ పోతుంది. గ్యాసు పొయ్యిలో సగానికి పైగా గిన్నెకు అందుతుంది. శక్తి వాడకం తగ్గించాలనుకునే ఏ కమిటీ అయినా వంటశాల గడప దాటి లోపలికి వెళ్లవలసిందే.

గుణుపురం_కమిటీ
వంటశాల మాట మా కమిటీలో ఎన్నడూ రాలేదు, కట్టెల ఖర్చు వేరే పద్దులో ఉండటం వల్ల కావచ్చు. వంటిల్లు గారూ, మీ అమ్మగారు పాటించే పద్ధతులు కాస్త వివరంగా రాయగలరా? మా బడిలో వంట చేసే అక్కలకు ఎవరో పైనుంచి ఆజ్ఞాపించినట్టు కాకుండా, తోటి వంటమనిషి చెప్పినట్టు చెప్పాలని నా కోరిక.

రాయగడ_వంటిల్లు
అమ్మను అడిగే రాస్తున్నాను. బడికి రాగానే ఆమె మొదట చేసే పని పప్పు నానబెట్టడం. కూరగాయలు తరిగేలోపు పప్పు నానుతుంది. పప్పు, కూరగాయలు కలిపి ఉడికించే డాల్మా వండే రోజు ఈ ఒక్క పనితోనే మంట చాలాసేపు మిగులుతుంది. బొప్పాయి, గుమ్మడి, దుంపలు సమానంగా, చిన్నగా తరుగుతారు. పెద్ద ముక్క ఒక్కటి ఉడకలేదంటే గిన్నె మొత్తం మండించాలి. ఎసరు మరిగేదాకా మూత తీయరు. కట్టెలను వంటశాల చూరు కింద, నేలకు ఆనకుండా పేరుస్తారు. పచ్చి కట్టె పెడితే మంట ముందు ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది, పొగ కూడా అప్పుడే ఎక్కువ. అన్నం ముప్పాతిక ఉడికాక మంట లాగేసి, గిన్నెకు మూత బిగించి, పైన గోనె సంచులు మందంగా కప్పుతారు. మిగిలిన పాతిక వంతు తన వేడికి తానే ఉడుకుతుంది.

వంటవాళ్లను కమిటీ సమావేశానికి పిలవండి. వాళ్లకు తెలిసినంత ఆ గదిలో మరెవరికీ తెలియదు.

పర్లాకిమిడి_వేప
మా దగ్గర పని చేసిన రెండు సంగతులు చెప్పి ఊరుకుంటాను. మొదటిది మిద్దె. మార్చి మొదట్లో శ్లాబు మీద జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేయిస్తాము. మధ్యాహ్నం పూట పై అంతస్తు గదిలో గోడ మీద చెయ్యి పెడితే తేడా తెలుస్తుంది, ఫ్యాను మూడో నంబరు మీద సరిపోతుంది. వానలకు అది కొట్టుకుపోతుంది, పాచి పడుతుంది, అందుకని ఏటా వేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది, మనకు మాత్రం ఇది తాతల నాటి పనే.

రెండవది పడమటి గోడ. సాయంత్రపు ఎండ పడే ఆ గోడ వెంబడి వేప, కానుగ నాటాము. చెట్టు ఎదిగే దాకా ఆగాలి కదా అంటారు. బడి అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

సిరొంచ_ప్రాణహిత
ఎండాకాలం ఉదయపు బడి గురించి కూడా ఒక మాట. ఒడిశాలోనూ మా వైపునా పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే పిల్లలను ఇళ్లకు పంపే పద్ధతి ఉంది. ఏ పరికరమూ కొనకుండా శక్తిని మిగిల్చే పద్ధతి ఇది. ఆఫీసు గది మాత్రం మధ్యాహ్నం దాకా ఏ.సి. వేసుకుని తెరిచి ఉంటుంది. 2020 నుంచి కొత్త ఏ.సి.లు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన పెట్టారు, దాన్ని 18కి దించేది మనమే. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా మిగులుతుందంటారు.

ఛత్రపురం_అమ్మ
పిల్లల చేత ఏం చేయించవచ్చు? మా బడిలో డిసెంబరు 14న ఇంధన పొదుపు దినమని బొమ్మలు వేయిస్తారు, బహుమతులిస్తారు, మర్నాటికి అన్నీ మరిచిపోతారు.

జయపురం_లెక్కలు
బొమ్మలు వేయనివ్వండి, వాటితో పాటు మీటరు చదవడం నేర్పించండి. మా బడిలో వారానికి ఒక తరగతి వంతు. సోమవారం ఉదయం, శనివారం సాయంత్రం అంకె చూసి నోటీసు బోర్డు మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాస్తారు. సోమవారపు అంకె శనివారపు అంకెను దాటి ఎంత పెరిగిందో చూస్తే ఆదివారం ఏం జరిగిందో వాళ్లకే తెలుస్తుంది. ఒక ఆదివారం అంకె బాగా పెరిగితే ఎనిమిదో తరగతి అమ్మాయిలే కారణం పట్టుకున్నారు: ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆగలేదు. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ తీసుకుంటుంది. అప్పటి నుంచి ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చు పెట్టించాము.

ఫ్యాను వేసుకున్నందుకు పిల్లవాడిని తిట్టే పని మాత్రం ఏ బడిలోనూ జరగకూడదు. ఈ విషయంలో గుణుపురం గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఖాళీ గదిలో తిరిగే ఫ్యానును ఆపించాలి, పిల్లల నెత్తిమీద తిరిగే దాన్ని కాదు.

కొరాపుట్_హాస్టల్
ఆ బోర్డును రెండు లిపుల్లో రాయించడం బాగుంది. మా దగ్గర కువి భాష మాట్లాడే పిల్లలున్నారు, వాళ్ల కోసం అంకెల పక్కన కడ్డీల బొమ్మ గీయిస్తాము.

గుణుపురం_కమిటీ
వచ్చే సమావేశానికి వంట అక్కలిద్దరినీ పిలుస్తున్నాము. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పరీక్ష శనివారం సాయంత్రానికి పెట్టుకున్నాము, కూలరు టైమరుకు కమిటీ ఒప్పుకుంది. వంటిల్లు గారూ, గోనె సంచి కప్పే విషయంలో ఒక సందేహం: నిప్పు అంటుకోదా, అన్నం పాడవదా అని ఒక అక్క అడిగారు.

రాయగడ_వంటిల్లు
మంచి ప్రశ్న వేశారు. గిన్నె పొయ్యి మీద ఉండగా ఎప్పుడూ కప్పకూడదు. దించి, పొయ్యికి దూరంగా, చెక్క పలక మీద పెట్టి అప్పుడు కప్పాలి. సంచి ఉతికినదై, పొడిగా ఉండాలి. నూనె మరక ఉన్నది వాడకూడదు, సంచి అంచు మూత లోపలికి పోకూడదు. అన్నం అరగంటలో వడ్డిస్తారు కనుక పాడవదు, మూత తీసేసరికి చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంటుంది. పప్పును మాత్రం వడ్డించే ముందు మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానివ్వాలని అమ్మ గట్టిగా చెప్పమంది. ఇద్దరు పట్టి దించాలి, ఒక్కరే దించే సాహసం వద్దని కూడా చెప్పింది.